పార్కులో చిప్ప, పెదనాన్న చప్పట్లు

మా పెదనాన్నకి ఒకటే జబ్బు. పాట సగంలో చప్పట్లు కొడతాడు. పాటయ్యాక అందరూ కొడుతుంటే మాత్రం చేతులు కట్టుకుని ఆకాశం చూస్తాడు.

మామూలుగా కొట్టినా బాగుండేది. జన్మంతా తాపీ పట్టిన చేతులవి. రెండూ కలిశాయంటే పార్కులో పావురాలన్నీ లేచిపోతాయి. ఓసారి బెంచీ మీద నిద్రపోతున్న ఒకాయన ఉలిక్కిపడి, బస్సు టైరు పేలిందనుకుని చెప్పులొదిలేసి పరిగెత్తాడు.

ఇదంతా చిప్ప దగ్గర. సగం కొబ్బరిచిప్పని నిలబెట్టినట్టుండే సిమెంటు వేదిక అది. సెలవురోజు సాయంత్రం మా పేట బ్యాండు అందులో వాయిస్తుంది. పూర్వం అక్కడ ఉత్త చెక్కబల్లలేనట. ఎంత ఊదినా పాట మొదటి వరస దాటేది కాదట. అందుకని పేటవాళ్ళే కూలి లేకుండా ఇసుక మోసి, సిమెంటు కలిపి చిప్ప కట్టారు. దాని వంపు తిప్పింది మా పెదనాన్నే.

"నువ్వు కట్టిన చిప్ప దగ్గర నీ గోలేంటి పెదనాన్నా?" అని ఓసారి అడిగాను.

"కొట్టాలనిపించింది, కొట్టాను."

"మొన్న బాకా ఆయన అంత బాగా ఊదితే కొట్టలేదేం?"

"ఆయనకెందుకురా? బాగానే ఊదాడుగా!"

పొద్దంతా ఇటుకలు మోసిన బుర్ర నాది. ఈ లెక్క అందులోకి ఎక్కలేదు.

చివరికి బ్యాండు మాస్టరుకి ఒళ్ళు మండింది. "ఈసారి కొట్టాడో, ఇక జన్మలో పార్కులోకి రానివ్వను" అని నాతో చెప్పాడు. ఈసారంటే చిప్ప పుట్టినరోజు. మా అమ్మాయి మొట్టమొదటిసారి క్లారినెట్ వాయించే రోజు. ఇంట్లో ఉంచుదామా అంటే, చిప్ప చూడకపోతే పెదనాన్నకి ముద్ద దిగదు. అందుకని పక్కనే కూర్చుని, ఆయన రెండు చేతులూ నా చేతుల్లో బిగించి పట్టుకున్నాను. చూసినవాళ్ళు జాతకం చెబుతున్నాననుకున్నారు.

పాట మధ్యలో మా అమ్మాయి క్లారినెట్ కీచుమంది. నూనె లేని తలుపులా. జనమంతా దానివైపే చూశారు. వెనక ఎవడో నవ్వాడు. పిల్ల వేళ్ళు ఆగిపోయాయి.

"చేతులొదలరా!" అన్నాడు పెదనాన్న.

"మాస్టరు గెంటేస్తాడు పెదనాన్నా!"

"గెంటనీ. అందరూ పిల్లనే చూస్తున్నారురా! నన్ను కదా చూడాలి!"

ఏమీ అర్థం కాకుండానే వదిలేశాను. ఆయన కొట్టాడు. పావురాలు లేచాయి. జనం గిర్రున మావైపు తిరిగి తిట్లు మొదలెట్టారు. అటు చూస్తే మా అమ్మాయి నవ్వాపుకుంటూ మళ్ళీ ఊదుతోంది. నాక్కూడా ఏమైందో, నేనూ కొట్టాను.

ఇద్దర్నీ గేటు బయట పడేశారు.

"చిప్ప తెరిచిన రోజు దర్జీ ఒకాయన ఒక్క అపస్వరం ఊదాడురా" అన్నాడు పెదనాన్న, ఫుట్‌పాత్ మీద చతికిలబడి. "నా వంపు దాన్ని ఇక్కడిదాకా మోసుకొచ్చింది. జనం ఒకటే నవ్వు. ఆయన మళ్ళీ బాకా ముట్టుకోలేదు. ఆ వంపు తిప్పింది నేనేగా!"

"ఇప్పుడు లోపలికి రానివ్వరుగా. మరెలా?"

లోపల ఎవరిదో బాకా గొంతు జారింది. గేటు దాకా స్పష్టంగా వినపడింది.

"ఇక్కడికి వినపడిందంటే, ఇక్కణ్ణించి అక్కడికీ వినపడుతుంది" అన్నాడు పెదనాన్న. "కొట్టరా!"

ఇద్దరం కొట్టాం. పావురాలు గేటు మీదుగా ఎగిరిపోయాయి.