సగం తాలు దుబ్బుతో బరంపురానికి

మా ఊరు హుమ్మలో, మా పొలంలో తాతల నాటి ఎర్రవడ్లు పండుతాయి. ఆ అన్నం రుచి తెలియనివాడితో నాకు మాటలు లేవు. రెండు మూడేళ్లుగా అందులో కొన్ని దుబ్బులు సగం తాలుతో వస్తున్నాయి. పురుగు లేదు, తెగులు లేదు. మాది ఉప్పుమళ్ల ఊరు కనుక విత్తనాన్ని ఉప్పునీళ్లలో పోసి, తేలినవి పారేసి, మునిగినవే నాటుతాం. అయినా తాలు పోలేదు. ఆ విత్తనం పారేసి వేరేది తెచ్చుకోమని ఊరంతా అన్నారు. తేల్చుకుందామని బరంపురంలోని సర్కారు వరి పరిశోధన ఫారానికి బయలుదేరాను.

పొద్దున్నే హుమ్మలో ప్యాసింజరు ఎక్కాను. టికెట్టు కొద్ది అణాలే. మట్టితో పెళ్లగించిన తాలు దుబ్బు కుండలో పెట్టుకుని ఒళ్లో ఉంచుకున్నాను. బరంపురం స్టేషన్ బయట జట్కావాడు కుండ చూసి, "ఏటి తాతా, నా గుర్రానికి మేత తెచ్చినావా?" అన్నాడు. "నీ గుర్రానికిది అరగదు, ఎల్లు" అన్నాను. గేట్ బజారు రద్దీ దాటి ఎండ ముదరకముందే ఫారం చేరాం.

అక్కడి ఆఫీసరుకు మోకాళ్ల దాకా బురద. అది చూశాకే మాట కలిపాను. దుబ్బులో ఇంకా వెన్ను బయటికి రాక పొట్ట దశలో ఉన్న పిలకను చీల్చి, నూకంత మొగ్గను ఎర్రరంగు చుక్కలో నలిపి మైక్రోస్కోపు కింద పెట్టాడు. అంత లావు వేళ్లతో అంత సన్నటి పని నేనెక్కడా చూడలేదు. నన్నూ చూడమన్నాడు. గుణాలను మోసే పోగులట, క్రోమోజోములంటారట. జంటలుగా ఉండాల్సిన చోట నాలుగు కలిసి గుండ్రంగా నిలిచాయి. ఎప్పుడో రెండు పోగులు తెగి, ముక్కలు మార్చుకుని అతుక్కున్నాయట. అవి విడిపోయేటప్పుడు సరైన పంపకం అందని చోట తాలు, అందిన చోట నిండు గింజ. తాలు దుబ్బుల్లో చాలావాటికి కాడ ఊదారంగెందుకని అడిగాను. ఆ రంగు గుణం తెగిన చోటికి దగ్గరలో ఉండి, రెండూ కలిసి పిల్ల మొక్కలకు దిగుతున్నాయేమో అన్నాడు.

"మరి మునిగిన గింజ మంచిదే గదా?" అన్నాను.

"బరువుకు మంచిదే తాతగారూ. వాటిలోనూ సగం ఈ మార్పును మోసుకెళ్లి మళ్లీ తాలు దుబ్బులే అవుతాయి. ఉప్పునీళ్లకు బరువే తెలుస్తుంది, వంశం తెలియదు."

"అయితే పారెయ్యాలా? సూటిగా సెప్పు బాబూ."

"ఎందుకండీ? మిగతా సగం నిండుగా పండుతాయి. ఒక్కో దుబ్బు గింజలు ఒక్కో వరసలో విడిగా నాటండి. తాలు లేని వరసలనే విత్తనానికి ఉంచుకోండి."

నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు. అయినా చదువంటే ఇదీ అని ఆ వేళ ఒప్పుకున్నాను. మీరూ వెళ్తే వడ్ల మూటతో వెళ్లకండి. పొట్ట పిలక ఉన్న దుబ్బును వేళ్ల మట్టితో సహా తీసుకెళ్లండి. ఈ పంటలో మా వరసలు కొన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా బరువుకు వంగాయి. పారెయ్యమన్నవాళ్లే ఇప్పుడు గింజలడుగుతున్నారు. ఇస్తాను, వరసలుగా నాటుతామని ఒప్పుకున్నవాళ్లకే.