కురిడీ అటక మీద నా గ్రాఫు

ఆ రోజుల్లో నాకు కుదురన్నది ఉండేది కాదండి. ఇప్పటి పిల్లలు ఫోను చేతిలో ఉంటే గంటలకొద్దీ కదలరు గానీ, రెండువేలు దాటిన ఆ తొలి సంవత్సరాల్లో నేను అన్నం తింటూ కూడా రెండుసార్లు లేచేదాన్ని. మా పిన్ని నన్ను చుట్టాలక్కూడా "కాలుగాలిన పిల్లి" అనే పరిచయం చేసేది. అలాంటిదాన్ని ఎం.టెక్.లో పడేసేరు. పైగా ప్రాజెక్టు కింద నా చేతికొచ్చింది, ఎంత చిన్న కదలికనైనా పట్టేసే ఓ ఫిల్ము. చూడ్డానికి బిస్కట్ పాకెట్టు లోపలి వెండి కాగితంలా ఉండేది. ఉత్త ప్లాస్టిక్కే, కానీ వంచినా నొక్కినా తట్టినా రవ్వంత కరెంటు పుట్టించేది. ఆ కరెంటుని లాప్‌టాప్‌లో గీతగా చూసుకోవచ్చు.

"దీంతో ఏం చేస్తావమ్మా?" అని గైడుగారడిగితే, ముందూ వెనకా చూడకుండా "కురిడీ కాయ కనిపెడతానండీ" అనేసేను. (ఆయనది మా వైపు కాదు. ఒలవని కొబ్బరికాయని ఏడాది దాకా అటక మీద ఉంచేస్తే నీళ్ళింకిపోయి, లోపలి కొబ్బరి చిప్ప నుంచి ఊడి గుండులా ఆడుతుందని, దాన్నే కురిడీ అంటామని ముందు ఆయనకి పాఠం చెప్పాల్సొచ్చింది.) అంతా విని, "సోమవారానికి ఒక్క శుభ్రమైన గ్రాఫు చూపించు. లేకపోతే ఫిల్ము ఇంకొకళ్ళకిస్తాను, నువ్వు వేరే ప్రాజెక్టు వెతుక్కో" అన్నారు. ఉన్నది ఒకటే ముక్క. ఆ ముక్క కోసం నేను ఆర్నెల్లు ఎదురుచూసేను.

ఆదివారం పొద్దున్నే కొత్తపేట దగ్గర మా బాబాయి ఇంట్లో దిగేను. ఆయనది కురిడీ వ్యాపారం. కాయ చెవి దగ్గర పెట్టుకుని ఊపి, లోపల సంగతి చెప్పేసేవాడు. "నాలుగు కాయలు కిందకి దింపించండి బాబాయ్" అన్నాను. "ఆయ్, అది కుదరదమ్మా. అటకెక్కిన కాయని మధ్యలో కిందకి దింపితే పాడైపోద్ది. నువ్వే ఎక్కు" అన్నాడు. సరే, లాప్‌టాపూ వైర్లూ పట్టుకుని వెదురుబద్దలు పరిచిన ఆ అటక మీదకి నేనే ఎక్కేను, వెనకే బాబాయీ ఎక్కేడు. అప్పటికే కరెంటు పోయింది, లాప్‌టాప్ బ్యాటరీ గంటన్నరకి మించి రాదు. ఓ కాయకి ఫిల్ము అతికించేను. బాబాయి కత్తి పిడితో తడితే, కాయ ఎండి ఉంటే లోపలి గుండు కూడా కొట్టుకుని, గీతలో రెండో గుబ్బ లేవాలని నా లెక్క.

తీరా చూస్తే, ఎవరూ తట్టకుండానే గీత ఎగురుతోంది. ఎలకలన్నాను, బాబాయి కర్రతో అటకంతా గాలించేడు, ఒక్కటీ లేదు. గాలి అన్నాను, గోనెలు కప్పేం. రోడ్డు మీద లారీలన్నాను, ఆదివారం పూట ఆ రోడ్డు మీద సైకిలు కూడా లేదు. నా కంగారు పెరిగినకొద్దీ గీత ఇంకా పేట్రేగిపోతోంది. బ్యాటరీ సగానికి దిగింది. "ఫిల్మే పోయింది బాబాయ్, నా పనైపోయింది" అని నిచ్చెన దిగి, కాసిని మంచినీళ్ళు తాగి మళ్ళీ ఎక్కేను.

బాబాయి తెర వంక చూస్తున్నాడు. "నువ్వు దిగేక ఇది పడుకుందమ్మా" అన్నాడు. నేను కూచున్నాను. గీత లేచింది. ఆయన నా పక్కనున్న బద్ద మీద అరచెయ్యి ఆనించి కాసేపు చూసి, ఆ చెయ్యి తీసి నా మోకాలి మీద పెట్టేడు. "ఇదీ నీ ఎలక" అన్నాడు. నా కుడికాలు దాని మానాన అది ఊగిపోతోంది. (కాళ్ళూపకే అని ఇరవయ్యేళ్ళుగా ఇంటిల్లిపాదీ మొత్తుకుంటే నాకెక్కలేదు, ఓ వెండి కాగితం చెప్తే ఎక్కింది.) కింద నుంచి మా పిన్ని, "నన్నడిగితే నేను చెప్పేదాన్ని కదా, దానికంత మిషనెందుకూ" అంది.

"మేం కాయ ఆడించేప్పుడు ఊపిరి కూడా బిగబడతాం. నువ్వూ బిగబట్టు" అన్నాడు బాబాయి. బిగబట్టేను. చెమట ముక్కు మీదకి జారింది, చీమ మెడెక్కింది, అయినా కదల్లేదు. నా జన్మలో అంతసేపు బొమ్మలా కూచోవడం అదే మొదలు. బాబాయి తట్టేడు. తెర మీద ఒక గుబ్బ, దాని వెనకే ఇంకోటి లేచేయి. ఇంకో నాలుగు నిమిషాలకి బ్యాటరీ చచ్చిపోయింది.

సోమవారం గైడుగారు ఆ గ్రాఫు చూసి తలూపేరు. తర్వాత పాడైన గ్రాఫుల ప్రింట్లు కూడా తిరగేసి, "ఇదేంటి, ఇంత సమంగా వస్తోంది?" అన్నారు. నా కాలండీ అని చెప్పడానికి నోరు రాలేదు. "పక్కన నీళ్ళ మోటారుందండీ" అన్నాను. ఆయన ముచ్చటపడిపోయి, మోటారు కంపనాన్ని కూడా ఫిల్ము పసిగట్టిందని థీసిస్‌లో ఓ పేజీ రాయించేరు. ఆ ఇంట్లో అసలు మోటారే లేదు.

ఇప్పుడు నేను మీటింగుల్లో మూడేసి గంటలు కదలకుండా కూచుంటాను. ఆఫీసులో నాకు నిదానస్తురాలని పేరు. ఆ వయసు ఫొటోలున్నాయి గానీ, అన్నిట్లోనూ కదలొద్దన్నందుకు బిగుసుకుపోయిన అమ్మాయెవరో ఉంటుంది, అది నేను కాదనిపిస్తుంది. మొన్న థీసిస్ దులిపి, ఆ మోటారు పేజీలో ఎగిరే గీత మా అమ్మాయికి చూపించి, "ఇదిగో, ఇరవై మూడేళ్ళప్పుడు నేనిలా ఉండేదాన్ని" అన్నాను. అది నమ్మలేదు. కాలూపి చూపిద్దామనుకున్నాను గానీ, మోకాలు నెప్పి.