పాత కంప్యూటర్లో పెళ్ళికార్డు వెతకడం

జగ్గయ్యపేటలో మా డీటీపీ షాపులో రెండు కంప్యూటర్లున్నాయి. కొత్తది నాది. విండోస్ ఎక్స్‌పీ రోజులనాటి ముసలిది మా ఆయనది. దాన్ని తీసెయ్యమని నెత్తీ నోరూ బాదుకున్నా వినడు. పాత తెలుగు ఫాంట్లు అందులోనే పనిచేస్తాయి, కొత్తదాంట్లో వేస్తే అది గుర్తుపట్టదు. పెళ్ళికార్డులు, ఓణీల ఫంక్షన్ కార్డులు, పెద్దకర్మ కార్డులు అన్నీ దాంట్లోనే. ఫ్యాను పిండిమరలా మోగుతుంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా బజారందరికీ తెలుసు. అందులో సగం ఆ కంప్యూటర్ పుణ్యమే.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి షాపు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నా. ఒకమ్మాయి వచ్చి నిలబడింది. ముప్ఫై కూడా ఉండవు. బొట్టు లేదు. తన పెళ్ళికార్డు మా దగ్గరే కొట్టించారట, కంప్యూటర్లో ఉంటుందా అని అడిగింది. పాత కార్డులు ఎవరు దాస్తారమ్మా అని పంపించెయ్యబోయా. ఆ పిల్ల వెళ్ళలేదు. ఎండలో అట్లాగే నిలబడింది. లోపలికి రమ్మని మంచినీళ్ళిచ్చా, అప్పుడు చెప్పింది.

వాళ్ళాయన సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. నందిగామ దగ్గర హైవే మీద లారీ కింద పడి పోయాడు. ఫ్యాక్టరీవాళ్ళు ఆయన ఉద్యోగం భార్యకిస్తామన్నారు, ఎమ్మార్వో ఆఫీసు నుంచి కుటుంబసభ్యుల సర్టిఫికెట్ తెమ్మన్నారు. అక్కడికి ఆయన అన్న ముందే వెళ్ళాడు. మావాడికి పెళ్ళే కాలేదు, ఆవిడెవరో మాకు తెలియదు అని చెప్పొచ్చాడు. ఆ అమ్మాయిది వేరే కులం. మునేరు ఒడ్డున చిన్న గుళ్ళో పెళ్ళి చేసుకున్నారు. ఆయన తరఫున ఇంట్లోవాళ్ళు ఒక్కరూ రాలేదు, ఆ గుళ్ళో రాసుకున్నదీ లేదు. ఫొటోలు ఆయన ఫోనులో ఉండేవి, ఆ ఫోను ఆయనతోపాటే నలిగిపోయింది. కడిగించిన నాలుగు ఫొటోలు, మిగిలిన కార్డులు వాళ్ళమ్మ ఇంట్లో ఉండేవి. మునేరు పొంగి ఆ ఇంట్లోకి నీళ్ళొచ్చినప్పుడు అవన్నీ ముద్దయిపోయాయి. ఆధార్‌లో ఇంకా తండ్రి పేరే. పెళ్ళికొచ్చిన స్నేహితులు ఇప్పుడు ఫోనెత్తడం లేదు. కార్డు మీద మాత్రం ఆయన పట్టుబట్టి తన తల్లిదండ్రుల పేర్లు, అన్నావదినల పేర్లు, తాతగారి పేరుతో సహా వేయించాడట. వాళ్ళు రాకపోయినా నా పెళ్ళి దొంగపెళ్ళి కాదు అన్నాడట.

ఒళ్ళు మండింది నాకు. ఆ అన్న ఎవరో నాకు తెలియకపోయినా వాడి మీద, బజార్లో పోయే ప్రతి మగాడి మీద మండింది. కరెంటు రాగానే ముసలిదాన్ని లేపా.

ఏ పేరుతో సేవ్ చేసారో చూద్దామంటే మా ఆయన ఫైళ్ళకి పేర్లు పెట్టే తీరు దేవుడికే తెలియాలి. కార్డు కొత్తది, కార్డు ఫైనల్, కార్డు ఫైనల్ రెండు. పేరు చూసి లాభంలేదని, ఫైళ్ళ లోపల ఆ అమ్మాయి పేరు ఎక్కడుందో వెతకమని పెట్టా. ఆ విండోస్‌లో వెతికేటప్పుడు మూలన ఒక కుక్కపిల్ల బొమ్మ తోకాడిస్తూ కూర్చుంటుంది. తెలుగులో పేరు కొడితే వెతికే పెట్టెలో అక్షరాల బదులు అన్నీ ఖాళీ డబ్బాలు పడ్డాయి. అక్కడే గుర్తొచ్చి తల కొట్టుకున్నా. ఆ పాత ఫాంట్లలో మనకి కనపడేది తెలుగు గానీ లోపల తెలుగు ఉండదు. ఇంగ్లీషు అక్షరాలు, వాటి మధ్య డాలరు గుర్తు, డిగ్రీ సున్నా, తోకలున్న అక్షరాలు, వంకర గీతలు ఉంటాయి. వాటికే ఫాంటు తెలుగు బొమ్మలు తొడుగుతుంది.

సరే, ఆ ఫాంట్లోనే పేరు కొట్టి, కాపీ చేసి, వెతికే పెట్టెలో వేసా. బొమ్మల కథల్లో ఎవడో తిట్టినట్టు గుర్తులొచ్చాయి. కుక్కపిల్ల అటూ ఇటూ చూసి ఏమీ లేదంది. నేను నమ్మలేదు. పొద్దున నేనే చేసిన కార్డులోంచి ఒక పేరు తీసి వెతికించా. కళ్ళముందున్న ఫైలు, అదీ లేదంది. అంటే ఇది లోపలికి చూడటమే లేదన్నమాట. ఫోనులో వెతికి చదివితే తెలిసింది, తనకి తెలిసిన రకం ఫైళ్ళని తప్ప మిగతావాటిని ఆ విండోస్ అసలు విప్పదట. మేం కార్డులు చేసే పేజ్‌మేకర్ ఫైళ్ళు దానికి తెలియవు. తెలియని రకాలూ విప్పి చూడు అని చెప్పే సెట్టింగు ఒకటి లోపలెక్కడో దాచిపెట్టారు. అది మార్చి, ఆపి, మళ్ళీ ఆన్ చేసేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆ అమ్మాయి స్టూలు మీద కూర్చుని ఊపిరి తీస్తోందో లేదో అన్నట్టు చూస్తోంది. అన్నం తిన్నావా అంటే తిన్నానంది. తినలేదని మొహమే చెబుతోంది.

అప్పటికీ గుర్తులతో కలిపి ఇస్తే దొరకలేదు. గుర్తులన్నీ తీసేసి, పేరులో మామూలు ఇంగ్లీషు అక్షరాలుగా ఉన్న ముక్క ఒక్కటే ఇచ్చి నా పొద్దుటి ఫైలు మీద పరీక్షించా. దొరికింది. అట్లాగే ఆ అమ్మాయి పేరులో ముక్క తీసి ఇస్తే చాంతాడంత లిస్టు వచ్చింది. వాటిల్లో వాళ్ళ నాన్న పేరులో ముక్క ఉన్నదేదో చూడమంటే చివరికి ఒక్క ఫైలు మిగిలింది.

"దొరికిందా అక్కా?" అని లేచి నిలబడింది.

ఫైలు పేరు వాళ్ళాయన ఊరి పేరు, పక్కన పెద్దకర్మ అని. ఇదేదో వేరే వాళ్ళదై ఉంటుందనుకుంటూ తెరిచా. తెర మీద నల్ల అంచు పడింది. మధ్యలో వాళ్ళాయన ఫొటో. కింద పేరు, పేరుకి ముందు కీ.శే. దుఃఖంతో పిలుస్తున్నవాళ్ళుగా తల్లీ తండ్రీ, అన్నా వదినా. భార్య అన్న మాట ఎక్కడా లేదు. ఆ కార్డు ఆ పిల్లకి ఎవరూ పంపలేదట, అదే మొదటిసారి చూడటం. మూసెయ్యబోతుంటే, మరి నా పేరెందుకు దొరికింది అక్కా, అని మెల్లిగా అడిగింది.

పేజీ చిన్నది చేసి చూసా. పేజ్‌మేకర్‌లో కాగితం చుట్టూ ఖాళీ స్థలం ఉంటుంది. అక్కర్లేని మాటలు చెరపడానికి బద్ధకించి కాగితం బయటికి లాగి పడేస్తాం. మా పనిలో అందరం చేసేదే. ఎడమ పక్కన బయట, సగం విరిగిన వరసల్లో, చి.ల.సౌ. అని ఆ అమ్మాయి పేరు, వాళ్ళమ్మానాన్నల పేర్లు, వాళ్ళ ఊరు పడి ఉన్నాయి.

మా ఆయన భోజనం చేసి వచ్చాడు. ఇదేంటో చెప్పండి అని నిలదీసా. చూసి కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పాడు. ఆ పోయినాయన అన్న వచ్చి అర్జంటుగా పెద్దకర్మ కార్డు కావాలన్నాడట. ఇంటిపేరు, ఊరు చెప్పగానే ఆ ఇంటి పాత కార్డు ఉందని గుర్తొచ్చి అదే తెరిచాడు. తాతగారి దగ్గర్నుంచి పేర్లన్నీ కొట్టి ఉన్నాయి కదా, మళ్ళీ కొట్టే పని తప్పుతుంది. ఒక ఇంట్లోవాళ్ళు మళ్ళీ వస్తే ఎప్పుడూ చేసేది అదే. పెళ్ళికొడుకు పేరు ముందు చి. తీసి కీ.శే. పెట్టాడు. ఈ ఆడపిల్లవాళ్ళ సంగతేంటి అంటే ఆ అన్న అవసరం లేదన్నాడట, మా ఆయన వాటిని కాగితం బయటికి లాగేసాడు. కొత్త పేరుతో సేవ్ చేసి, డిస్కు నిండిపోతోందని పాతది తీసేసాడు. ఆ అమ్మాయి ముందే అరిచా. నోటికొచ్చిందల్లా అన్నా.

మర్నాడు ముగ్గురం నందిగామ బస్సెక్కి కోర్టు దగ్గర ఒక వకీలుని కలిసాం. పెద్దాయన, మర్యాదగా విన్నాడు. ఫైలు పుట్టిన తేదీ అడిగాడు. ఆయన పోయిన తర్వాతది. కాగితం మీద ఈ అమ్మాయి పేరుందా అన్నాడు. లేదు. బిల్లుందా, ఆర్డరు రాసుకున్నారా అన్నాడు. మా షాపులో అవన్నీ ఎవరు రాసుకుంటారు.

"ఆ మనిషి చచ్చిపోయాక పుట్టిన ఫైలమ్మా ఇది. నిన్న మీరే పక్కన కొట్టారంటారు. నేనేం చెప్పను?" అన్నాడు.

అయినా మా ఆయన ఊరుకోలేదు. ఎమ్మార్వో ఆఫీసువాళ్ళు విచారణకి వచ్చినప్పుడు ఆ అన్నవాళ్ళ ఊరు వెళ్ళి, ఈ పెళ్ళికార్డు నేనే కొట్టానండి అని నలుగురిలో చెప్పాడు. ఏదీ కార్డు అన్నారు. చూపించడానికి ఏముంది. ఊరి పెద్దలు మాకే పెళ్ళీ తెలియదన్నారు. సర్టిఫికెట్‌లో తల్లీ తండ్రీ పేర్లే వచ్చాయి. ఉద్యోగం అన్నకి వెళ్ళింది. ఆ పిల్ల ఇప్పుడు నందిగామలో ఒక బట్టల షాపులో నిలబడి పనిచేస్తోంది.

సర్టిఫికెట్ సంగతి తెలిసిన రోజు మా షాపుకొచ్చింది. ఏడవలేదు. ఆ రోజు చూసింది ప్రింటు తీసిస్తావా అక్కా అంది. కాగితం బయట ఉన్నవి ప్రింటులో రావమ్మా, లోపలికి లాగాలి అన్నా. లాగమంది. ఆ విరిగిన వరసలు లాక్కొచ్చి వాళ్ళాయన పేరు పక్కన పెట్టా. కీ.శే. తీసెయ్యనా, చి. పెట్టనా అని అడిగా.

"అది ఉండనీ అక్కా. నా పేరు ముందుది తీసెయ్యి."

చి.ల.సౌ. మీద కర్సర్ పెట్టి ఒక్కొక్క అక్షరం చెరిపా. ఇంతమంది మీద అరిచేదాన్ని, ఆ పని చేస్తూ ఏడ్చా. ప్రింటు తీసిస్తే మడతపెట్టకుండా రెండు చేతులతో పట్టుకుని బస్టాండు వైపు వెళ్ళిపోయింది.

ఫైలు మూస్తుంటే, చేసిన మార్పులు సేవ్ చెయ్యాలా అని కంప్యూటర్ అడిగింది. అందులోనన్నా ఆ చి.ల.సౌ. ఉండనీ అని, వద్దని నొక్కా.