నేను చూడని మైను

ఒమాన్ తీరంలో సహం అనే ఊళ్లో ఫైబర్ పడవలకు మాట్లు వేసే షెడ్డులో నేను సూపర్‌వైజర్ని. అంతకుముందు విశాఖలో, నేవీలో, మైన్లు తీసే ఓడ మీద పద్నాలుగేళ్లు చేశాను. యుద్ధంలో శత్రువు నీళ్లలో దాచిన బాంబుల్ని వెతికి తీయడమే ఆ ఓడ పని. వెనకాల కత్తులు కట్టిన పొడవాటి ఇనుప తాడు ఈడ్చుకుంటూ పోతాం. అడుగున లంగరేసిన మైను గొలుసు తెగితే అది పైకి తేలుతుంది. అప్పుడు దూరం నుంచి తుపాకీతో పేలుస్తాం. వినడానికి ఘనంగానే ఉంటుంది గానీ, నా సర్వీసంతా మందు లేని ప్రాక్టీసు మైన్లతోనే గడిచిపోయింది.

ఈమధ్య ఇక్కడి సముద్రంలో మైన్లు వేస్తారట, వేశారట అని ఫోన్లలో వార్తలు మొదలయ్యేసరికి షెడ్డులో నాకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. నేను చెప్పిందంతా విని జగిత్యాల మేస్త్రీ, "గట్లయితే అన్నా, నువ్వు నేవీల ఉత్త డబ్బాలే ఏరినవా?" అని పకపకా నవ్వాడు.

"నోర్మూసుకుని రెజిన్ కలపవయ్యా!" అన్నాను. నిజం చెప్పాడు గనక ఒళ్లు ఇంకా మండింది.

పడవ బాగు చేయించుకోడానికి వచ్చి కూర్చున్న ముసలి జాలరి ఒకాయన మా వైపే చూస్తున్నాడు. ఒమానీ, డెబ్బై దాటాయి, హిందీ నాకంటే బాగా మాట్లాడతాడు. చాచా అంటాం. "నువ్వు మైన్లు తీసేవాడివా?" అని హిందీలో అడిగి, నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లాడు.

ఇరాన్ ఇరాక్ యుద్ధం నాటి సంగతి. వాళ్ల తమ్ముడు పొద్దున్నే వేటకి పోతుంటే, ఎక్కడినుంచో కొట్టుకొచ్చిన మైను తగిలి పడవ పేలిపోయింది. ఊరివాళ్లే ఇంకో ఇద్దరు అతనితోపాటు పోయారు.

"అంత పెద్ద కొమ్ముల గుండు వాడికి కనబడలేదా? వాడు పరధ్యానం మనిషి. కళ్లు మూసుకుని నడిపి ఇద్దర్ని చంపాడని వాడి పెళ్లాం మొహం మీదే అన్నాను. ఊరంతా అదే నమ్మింది. నువ్వు చెప్పు, అది కనబడుతుందా, కనబడదా?"

నలభై ఏళ్లు ఆ ఇల్లాలి చేత ఈ నింద మోయించాడా అని నాకు కోపం తన్నుకొచ్చింది. కానీ ఆయన నా చెయ్యి వదలకుండా జవాబు కోసం చూస్తున్నాడు.

"పడవ ఎటు పోతోంది?"

"తూర్పుకి."

అంటే ఎండ సరిగ్గా కళ్లలోకే. ఇక మా ఆవిడకి కూడా చెప్పని సంగతి ఆయనకి చెప్పేశాను. ఒకరోజు ఓడ ముందు నిలబడి చూసే డ్యూటీ నాది. చేతిలో బైనాక్యులర్స్. చూడడం తప్ప ఇంకో పని లేదు. మేమే వేసుకున్న ప్రాక్టీసు మైను, నారింజ రంగు పూసింది, ఎదురెండలో నాకు కనబడలేదు. ఓడ దాన్ని రాసుకుంటూ పోయింది. అసలుదైతే అందరం పోయేవాళ్లం. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

"మీ తమ్ముడికి తగిలిన మైను నల్లది చాచా. అక్కడుందని ఎవరూ చెప్పలేదు కూడా. పాపం, ఆయనకెలా కనబడుతుంది?"

ఆయన నా చెయ్యి వదిలేశాడు. తర్వాత, "రా, ఆమెకు చెబుదువుగాని," అన్నాడు.

"మీరే చెప్పండి."

"నేను చెబితే నమ్మదు."

మరదలి ఇల్లు రెండు సందుల అవతల. ఆవిడ వాకిట్లో చాప మీద కూర్చుని ఉంది. ఆవిడకి హిందీ రాదు. నేనొక్కో మాట చెబుతుంటే ఆయనే అరబీలో చెప్పాలి. ఎండ, నారింజ రంగు, నా సిగ్గు, అన్నీ చెప్పాడు. "మీ ఆయన తప్పు లేదు" అని నేననేసరికి మాత్రం ఆగిపోయాడు.

"చెప్పండి చాచా, సగంలో ఆపకండి!" అని కసిరాను. చెప్పాడు.

ఆవిడ ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. లేచి చెప్పులు వేసుకుంటూ ఏదో అంది.

"ఏమంటోంది?"

ఆయన తలగుడ్డ కొసతో మొహం తుడుచుకున్నాడు. "తమ్ముడితో పోయిన ఆ ఇద్దరి ఇళ్లకీ ఇప్పుడే పోదామంటోంది. అక్కడ నువ్వు మాట్లాడకూడదట. నేనే చెప్పాలట."