అవును అని రాసిన గడి

అమీర్‌పేటలో ఏ కోర్సులో చేరాలన్నా ముందు రెండు మూడు చోట్ల డెమో క్లాసులో కూర్చొని చూస్తారు. అక్కడి ఆడపిల్లల హాస్టల్లో ఏళ్లుగా వంట చేస్తున్నదాన్ని, ఆ సంగతి నాకు తెలుసు. గోడల మీది ఆ కోర్సుల బోర్డులు చూసే, యాభై దాటాక, తెలుగూ ఇంగ్లీషూ అక్షరాలు కూడబలుక్కున్నాను. ఆఫీసులో పనిచేసే నా కూతురు సముద్రం అడుగున ఈదే స్కూబా డైవింగ్ నేర్చుకుంటానన్నప్పుడు, "డెమో చూడకుంట యాడ చేరేది లేదు" అన్నాను.

"నీళ్లల్ల డెమో ఏందమ్మా," అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. నా తమ్ముడు పన్నెండేళ్లకు క్వారీ గుంతలో పోయాడు. ఈత నేర్పే మనిషి వాడి వీపుకు ఎండు సొరకాయ బుర్ర కట్టి దింపేవాడు. మూడో రోజు విప్పేశాడు. వాడికి మూర్ఛ ఉందని ఆయనకు తెలియదు, అడగలేదు. నాకు తెలుసు. "చెప్పకే అక్కా, దిగనియ్యడు" అన్నాడు తమ్ముడు. నేను చెప్పలేదు. గట్టున కూర్చొని చూశాను. బుడగలు వచ్చాయి, ఆగిపోయాయి. ఇప్పటికీ ఎసరు మరుగుతుంటే మూత పెట్టేస్తాను.

ముందు పంజాగుట్టలో, ఫ్లైఓవర్ కనిపించే మూడో అంతస్తు ఆఫీసుకు వెళ్లాం. అక్కడ నేర్పే కుర్రాడు, కోర్సు అయ్యాక డైవింగ్ ఏజెన్సీ ఇచ్చే కార్డు చూపించి, పెద్ద ఏజెన్సీది, ప్రపంచమంతా చెల్లుతుందన్నాడు. ఆరోగ్యం మీద ప్రశ్నలున్న కాగితం ఇచ్చాడు.

"అన్నిటికీ నో పెట్టెయ్ అక్కా. ఒక్క ఎస్ పెట్టినా డాక్టర్ సంతకం గావాలె, ఉత్త పరేషాన్."

కూతురు వరసగా టిక్కులు పెడుతోంది. ఒక గడి దగ్గర నా కన్ను ఆగింది. ఆస్తమా. ఆ ఇంగ్లీషు మాట మందుల చీటీల మీద చూసి చూసి నాకు అలవాటు. చిన్నప్పుడు కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకొని పీల్చే మందు పట్టింది నేనే.

"అది తప్పు బిడ్డా," అన్నాను.

"చెప్పకే అమ్మా. ఎప్పుడో పోయింది. చెప్తే దిగనియ్యరు."

కాగితం మడిచి లేచాను.

"ఆంటీ జర ఎక్కువ భయపడుతున్నరు," అన్నాడు కుర్రాడు.

"అవును," అన్నాను.

రెండో చోటు అమీర్‌పేటలోనే, ఒక ఈతకొలను పక్క గది. నేర్పేది విశాఖ వైపు ఆవిడ. ఏ ఏజెన్సీ మంచిదని అడిగాను.

"కార్డు ఎవరిదైనా పాఠాలు ఇంచుమించు అవేనండి. నీళ్లలో పక్కన ఎవరుంటారో అది చూసుకోండి," అన్నారు.

ఈసారి ఆ గడిలో ‘అవును’ అని దగ్గరుండి పెట్టించాను. ఆవిడ అది చదివి పెన్ను కింద పెట్టారు.

"డాక్టరు గారు పరీక్ష చేసి సరేనని రాసిస్తేనే దింపుతాను. ఏంటమ్మా, కోపమా?"

కూతురు బ్యాగు భుజాన వేసుకొని లేచింది.

ఊపిరి పరీక్ష వచ్చే మంగళవారం. డాక్టరు వద్దంటే అది నన్ను చాలాకాలం క్షమించదు. ఆ రోజు మెట్రో స్టేషన్ దాకా నాకు నాలుగడుగులు ముందే నడిచింది. కోపంతో భుజాలు లేస్తున్నాయి, దిగుతున్నాయి. స్టేషన్ వచ్చేదాకా వాటినే చూస్తూ నడిచాను.