ఎర్ర గుర్తు పడని పేరు

ఒక విదేశీ కంపెనీ తన కొత్త షాంపూకు 'పేలు' అని పేరు పెట్టబోతే ఆపింది నేనే. ఈ సంగతి గొప్పగా చెప్పుకోవడానికి నాకు ఏమాత్రం సిగ్గు లేదు. వాళ్ల దేశంలో ఆ రెండక్షరాలకు అసలు అర్థమే లేదట, నోటికి మెత్తగా తగులుతోందని ఎంచుకున్నారట. తలకు రాసుకునే సీసా మీద పేలు అని రాసుంటే మన ఆడవాళ్లు ముట్టుకుంటారా? పేర్ల పట్టికలో నా గడిలో ఎర్ర గుర్తు పెట్టాను. ఆ పేరు అక్కడితో ఆగిపోయింది.

నా ఉద్యోగం అదే. హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనం ఏడో అంతస్తులో పదిహేను మందిమి కూర్చుంటాం. ఒక్కొక్కరిది ఒక్కో భాష, నాది తెలుగు. ఎవరో ఎక్కడో తమ సరుక్కి ఒక పేరు అనుకుని మాకు పంపుతారు. మా మా భాషల్లో అది తిట్టో, బూతో, రోగమో, నవ్వులాటో అవుతుందేమో చూసి, కాకపోతే పచ్చ గుర్తు, అయితే ఎర్ర గుర్తు పెడతాం. పద్నాలుగు పచ్చలున్నా సరే, ఒక్క ఎర్రది పడితే ఆ పేరు చెత్తబుట్టలోకే. బేరాలు లేవు, బతిమాలుకోవడాలు లేవు. ఈ నియమమంటే నాకు ప్రాణం. మా అపార్ట్‌మెంట్ సంఘం కూడా ఇలా నడిస్తే ఎంత బాగుండునో అని ఎన్నోసార్లు అనుకున్నాను.

అలాంటి నాకు ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రిలో నర్సమ్మ "పాప" అంది. చందానగర్‌లో మా ఇంటికి తీసుకురాగానే ఎదురింటివాళ్లు, వాచ్‌మన్, కూరగాయల బండి ఆవిడ అందరూ పాప అన్నారు. పేరు పెట్టేదాకా ఎవరికైనా అదే కదా. ఇరవై ఒకటో రోజున బారసాల చేసి, పళ్లెంలో బియ్యం పోసి పేరు రాయించాలని మా అత్తగారు కాకినాడ నుంచి ఆ బియ్యంతో సహా దిగారు. పేరు ఇంకా తేలలేదని నేను చెప్పాను. ఆవిడ బియ్యం మూట వంటింట్లో ఒక మూల పెట్టి, నా వంక ఒక చూపు చూసి, పాపకు నీళ్లు కాచడానికి వెళ్లారు.

నా పట్టుదలకు ఒక కారణం ఉంది. మాది అనంతపురం. నా పేరు చిన్నది, మా ఊళ్లో లక్షణమైన పేరు. ఇంజనీరింగ్ చదవడానికి ఒడిశా వెళ్లాక తెలిసింది, అక్కడి మాటలో దానికి ఇంకో అర్థం ఉందని. ఆ అర్థం ఇక్కడ రాయను, పేరూ రాయను. రాస్తే మళ్లీ మొదలవుతుంది. మెస్సులో ఎవరైనా నన్ను పిలిస్తే మూడు బల్లల అవతల నవ్వులు వినబడేవి. హాజరు తీసుకునే లెక్చరరు కూడా నా పేరు దగ్గరకొచ్చేసరికి ఒకసారి దగ్గేవాడు. నాలుగేళ్లు అలా గడిచాయి. నేను గయ్యాళినని ఇంట్లో అందరూ అంటారు గానీ అది నాకు పుట్టుకతో రాలేదు, ఆ హాస్టల్లో నేర్చుకున్నాను. నా కూతురికి ఆ అవస్థ రాకూడదు. ప్రపంచంలో ఏ మూలకెళ్లినా ఎవరూ నవ్వని పేరు దానికి పెట్టాలని ఆసుపత్రి మంచం మీదే ఒట్టు పెట్టుకున్నాను.

ఒట్టు నిలబెట్టుకునే సాధనం నా చేతిలోనే ఉంది. సెలవులో ఉండగానే ఆఫీసు పట్టికలాంటిదే ఒకటి తయారుచేసి, మేము అనుకున్న పేర్లన్నీ ఎక్కించి, మా పద్నాలుగు మందికీ పంపాను. పైన 'సరుకు: ఆడపిల్ల' అని రాశాను కూడా. వాళ్లు నవ్వుకుని ఉంటారు. కానీ వృత్తి మీద గౌరవం ఉన్నవాళ్లు, శ్రద్ధగా చూశారు. పేర్లు ఒక్కొక్కటే రాలిపోవడం మొదలైంది. మా అత్తగారు చెప్పిన దేవత పేరు ఒక భాషలో గుమ్మడికాయ అయింది. మా అమ్మ చెప్పిన పేరు ఇంకో భాషలో నోరు మూసుకోమని చెప్పే మాటట. మా వారు ఎంతో ఆలోచించి 'కళ' అన్నారు. ఆ శబ్దానికి ఫిన్లాండులో చేప అని అర్థమని ఆ భాష చూసేవాడు రాసి పంపాడు.

"చేపైతే తప్పేంటోయ్? మా వైపు అంతకంటే మర్యాదైన ప్రాణి లేదు," అన్నారు మా వారు. "పోనీ, పులస అని పెట్టేద్దాం. ఏ గొడవా ఉండదు."

నా చేతిలో ఉన్న పొత్తిగుడ్డ ఆయన మీదికి విసిరాను.

ఇరవై ఒకటో రోజు వెళ్లిపోయింది. బారసాలను మూడో నెలకు వాయిదా వేశాం. లింగంపల్లి నుంచి మా ఇంట్లో పనికి వచ్చే ఆమె రోజూ గిన్నెలు తోముతూ అడిగేది. "ఏందక్కా, ఇంకా పేరు వెట్టలే? రేపు లగ్గం పత్రికల గూడ పాప అనే కొట్టిపిస్తవా ఏంది?"

అపార్ట్‌మెంట్ కింద హాలు ఆదివారానికి తీసుకున్నాం. ఆ వారం మొదట్లో మా అత్తగారు నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "హాలు వాళ్లకి చెప్పేశాం, వంటాయనకి చెప్పేశాం, పంతులుగారికి చెప్పేశాం. పిల్లకే ఇంకా చెప్పలేదమ్మా, నీ పేరు ఫలానా అని." ఆవిడ గొంతులో కోపం లేదు, అందుకే నాకు బాధేసింది.

నిజానికి ఒక పేరు నేను మొదటి నుంచీ దాచిపెట్టుకున్నాను. పాప కడుపులో ఉన్నప్పుడే ఆ పేరుతో పిలిచి మాట్లాడేదాన్ని. అది పోతుందేమోనన్న భయంతో పట్టికలో పెట్టలేదు. ఇరవై ఆరు పేర్లు పోయాక, గతిలేక, సోమవారం దాన్ని ఎక్కించాను. బుధవారానికి నాదానితో కలిపి పద్నాలుగు పచ్చలు వచ్చాయి. ఇక మిగిలింది ఒడియా గడి ఒక్కటే.

ఒడియా చూసేది మా అందరిలోకీ పెద్దాయన, నా పక్క కుర్చీ. హైదరాబాదులో పాతికేళ్లుగా ఉంటూ ఇక్కడి తెలుగే మాట్లాడతారు. పదకొండేళ్లుగా నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారు, ఒక్కసారీ నవ్వలేదు. ఆ పేరుకు వాళ్ల భాషలో ఏం అర్థమో ఆయనకు తెలియకుండా ఎలా ఉంటుంది? నేనెప్పుడూ అడగలేదు, ఆయనా ఎప్పుడూ చెప్పలేదు. గురువారం పొద్దున ఆయన గడిలో ఎర్ర గుర్తు పడింది. తమ పల్లెల్లో ఆ శబ్దానికి మొద్దు, మట్టిబుర్ర అని అర్థమని పక్కనే రాశారు.

నేను వంటింట్లోకి వెళ్లి గట్టిగా ఏడ్చాను. మా వారు వెనకాలే వచ్చి, "నీకంత నచ్చింది కదా, పెట్టేద్దాం. మన పిల్ల ఒడిశా పల్లెలకి ఎప్పుడెళ్తుంది?" అన్నారు. నేనూ అనంతపురంలో పుట్టినప్పుడు అక్కడికి వెళ్తానని ఎవరూ అనుకోలేదు. రూలంటే రూలేనని చెప్పి ఆ పేరు కొట్టేశాను.

మర్నాడు పాపను ఆఫీసుకు తీసుకువెళ్లాను. చూపించమని మా వాళ్లు చాలా రోజులుగా పోరుతున్నారు. భోజనాల వేళ క్యాంటీన్‌లో రెండు బల్లలు కలిపి అందరూ చుట్టూ చేరారు. మలయాళం చూసే అమ్మాయి ఒక కాగితం తీసి, "మీరు ఒక పేరు పరీక్షకు పంపడం మరిచిపోయారు. మూడు నెలలుగా అందరూ దానితోనే పిలుస్తున్నారు," అంది. కాగితం మీద పెద్ద అక్షరాలతో 'పాప' అని ఉంది. దాని కింద అన్ని భాషల గడులూ నింపి తెచ్చారు.

ఒక్కొక్కరూ లేచి తమ గడి చదివారు. హిందీలో పొట్టిగా పలికితే చేసిన పాపం, సాగదీస్తే నాన్న. మరాఠీలో సాగదీస్తే చిన్నపిల్లలకు పెట్టే ముద్దు. కన్నడంలో అయ్యో అని జాలిపడే మాట. స్పానిష్ చూసే అమ్మాయి పుట్టి పెరిగింది మలక్‌పేటలో, ఆమె లేచి "ఆలుగడ్డ" అంది. ఇటాలియన్‌లో రోములో ఉండే పోపుగారు. స్వాహిలీలో సొరచేప. తమిళం ఆయన ఒక్కడే కొంచెం ఒత్తి పలికి, "మా దగ్గర బిడ్డే," అని పచ్చ గుర్తు పెట్టాడు. ఇక పాప ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి ఆలుగడ్డగానూ, పోపుగారిగానూ, సొరచేపగానూ తిరిగింది. ఏ మాటతో పిలిచినా బోసినోరు తెరిచి నవ్వింది. సొరచేప అన్నప్పుడు కాళ్లు కూడా ఆడించింది.

నేను వాళ్ల మొహాలు చూస్తూ కూర్చున్నాను. హాస్టల్ నవ్వు నాకు బాగా తెలుసు. అది పక్కకు తిరిగి నవ్వే నవ్వు. వీళ్లు పిల్ల మొహంలోకి చూస్తూ నవ్వుతున్నారు.

చివరికి పాప ఒడియా పెద్దాయన ఒళ్లోకి వచ్చింది. మిగతావాళ్లు అన్నం తినడంలో పడ్డారు. పదకొండేళ్లుగా అడగనిది అప్పుడు అడిగేశాను. "నా పేరు మీ భాషలో ఏమిటో మీకు తెలుసు కదా?"

"తెల్సమ్మా. మీరు చేరిన రోజే తెల్సు. ఇంటికి పోయి మా ఆవిడకు చెప్పి నవ్విన. అబద్ధం ఎందుకు చెప్పాలె?" అన్నారు ఆయన, పాప తలకింద చెయ్యి సర్దుతూ. "ఒక నెల నవ్వొచ్చింది. తర్వాత ఆ మాట వింటే మీరే యాదికొస్తరు. మొన్న ఊరికి పోతే మా అమ్మ ఎవర్నో ఆ మాటతోని తిడుతున్నది. నాకు కోపమొచ్చింది. మంచి మాటను ఎందుకు ఖరాబ్ చేస్తవమ్మా అన్న."

అయినా అలవాటు ఎక్కడికి పోతుంది, పోట్లాటకు దిగాను. "మరి నా కూతురి పేరుకు ఎర్ర గుర్తు ఎందుకు పెట్టారు?"

"మీరు పట్టికల అడిగిన్రు. పట్టికల అడిగితే ఎర్రదే పెడత, అది నా డ్యూటీ. నన్ను అడగలే కదా?" అని ఆయన మెల్లగా నవ్వారు. "షాంపూ సీసాకు నోరు లేదు, దాని తరఫున మనం చూడాలె. ఈమె రేపు లేచి నడుస్తది, మాట్లాడుతది. మీ కూతురమ్మా, ఎవడన్నా నవ్వితే ఊకుంటదా?"

పాపను ఆయన ఒళ్లోంచి తీసుకుని భుజాన వేసుకున్నాను. సాయంత్రం కారులో, ఫ్లైఓవర్ మీద బండ్లన్నీ ఆగిపోయి ఉండగా, గురువారం కొట్టేసిన పేరే బియ్యంలో రాద్దామని మా వారికి చెప్పాను. ఆయన నావైపు తిరిగి, "రూలంటే రూలేనన్నావు?" అన్నారు.

"అది సరుక్కి," అన్నాను.

ఆదివారం హాలు నిండిపోయింది. మా అత్తగారి బియ్యం పళ్లెంలోకి వచ్చింది. మా వారి ఉంగరం ఇద్దరం కలిసి పట్టుకుని ఆ పేరు రాశాం. ఒక అక్షరం వంకర పోయింది. పెద్దవాళ్లు వరసగా వచ్చి పాప చెవిలో పేరు చెప్పి పిలిచారు. మా ఆఫీసు వాళ్లంతా వెనక కుర్చీల్లో ఉన్నారు. ఇదేమీ తెలియని మా అత్తగారు ఒడియా పెద్దాయన దగ్గరకు వెళ్లి, "బాబుగారూ, పెద్దవారు, మీరూ ఒకసారి పిలవండి," అని చెయ్యి పట్టుకున్నంత పని చేసి తీసుకొచ్చారు.

ఆయన నావైపు చూశారు. నేను పిలవమన్నట్టు తల ఊపాను. ఆయన వంగి, తెలుగువాళ్లు పలికినట్టు కాకుండా, వాళ్ల పల్లెలో పలికినట్టే ఆ పేరు పలికి పాపను పిలిచారు. నా కూతురు కళ్లు పెద్దవి చేసి ఆయన వైపు తిరిగింది. "పలికింది, బంగారుతల్లి పలికింది," అని మా అత్తగారు సంబరపడిపోయారు.

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఈ మాట గూడ పాయె, ఇగ మా అమ్మకు తిట్లు తక్కువ పడతయమ్మా," అన్నారు.