చాయ్‌పత్త పెట్టెలో కండె

ఆ రోజుల్లో మా వాడలో కుక్కను పెంచడం అనే మాట లేదు. కుక్క ఉండేది, అంతే. ఎవరింట్లో జొన్న గట్క మిగిలితే ఆ పూటకు ఆ ఇంటిది, మిగలకపోతే ఊరిది. దానికో పడక చూపించడం, అదెందుకు ఏడుస్తోందని నలుగురు కూర్చుని ఆలోచించడం ఇప్పటి ముచ్చట్లు. అయినా ఒక్కసారి మా ఇంట్లో అవన్నీ జరిగాయి. నాకప్పుడు పదేళ్లుంటాయేమో (మా అవ్వ లెక్కలో నేను పెద్ద వాన పడ్డ ఏడు పుట్టాను. ఆ వాన ఎప్పుడు పడిందంటే, నేను పుట్టిన ఏడని చెప్పేది).

కట్టంగూరులో మాది మగ్గాల వాడ. బాపు గుంట మగ్గం మీద నేసేవాడు, నేను బడికి పోకుండా రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేదాన్ని. కండె అంటే, మగ్గం మీద అటూ ఇటూ ఉరికే నాడెలో పెట్టే పుల్లకు చుట్టిన నూలు. నడుమ లావుగా, కొసలు సన్నగా ఉంటుంది. మందతో తిరిగే గొర్ల మామ తన కుక్క ఈనితే ఒక పిల్లను తెచ్చి నా ఒళ్లో వేశాడు. పాలు తాగి పొట్ట ఉబ్బిన ఆ పిల్ల అచ్చం కండెలాగే ఉండేది గనుక పేరు వేరే వెతుక్కోలేదు.

నేతగాని ఇంట్లో కుక్కపిల్ల అంటే దూది కొట్టంలో నిప్పురవ్వ. నూలు కట్ట కనిపిస్తే చాలు, నోట కరచుకుని ఇల్లంతా తిరిగొచ్చేది. అవ్వ దాన్ని కోళ్ల గంప కింద మూసింది. గంప కింద కోడైతే కూర్చుంటుంది. కండె కూర్చోలేదు, గంపతో సహా నడిచింది. ఆ పొద్దున బాపు వీధిలో పడుగు పోగులు పొడుగ్గా చాచి గంజి పెడుతున్నాడు. గంప తనంతట తాను గడప దాటి, అరుగు దిగి, తిన్నగా పడుగు కిందికి దూరి నడుమ ఇరుక్కుంది. ఇరుక్కున్నది ఊరికే ఉంటుందా, ఎగిరింది. తెగిన పోగులు ముడి వేసుకుంటూ బాపు మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడ్డాడు. ఒక్క మాట అనలేదు. బాపు తిడితే మాకు భయముండేది కాదు, తిట్టకపోతేనే ఉండేది.

పని ముగించుకుని వచ్చి, కాళ్లు కడుక్కుని, నా వైపు చూడకుండానే చెప్పాడు. "అమాస దాక చూస్త. ఒక్క జాగల పడి ఉండుడు నేర్సిందా, ఉంటది. లేకుంటే గొర్ల మామకే ఇచ్చేస్త."

గొర్ల మామ ప్రతి అమావాస్యకూ మా ఇంటికి వచ్చేవాడు. నేతగాళ్లు అమావాస్యనాడు మగ్గం ముట్టరు. నాడె కడిగి, మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి ఊరుకుంటారు. బాపు తీరికగా దొరికేది ఆ రోజే. అంటే నా కండెకు గడువూ ఆ రోజే, తీసుకుపోయే మనిషి వచ్చేదీ ఆ రోజే.

అంతలో పట్నం నుంచి చిన్నాయన వచ్చాడు. ఆయన అక్కడ ఒక పెద్ద బంగళాలో తోట పని చేసేవాడు కాబట్టి ప్రపంచంలో తెలియని సంగతి ఉండేది కాదు. ఆ బంగళాలో కుక్కకు సొంతంగా చెక్కపెట్టె ఉందట, పొమ్మంటే అందులోకి పోయి పడుకుంటుందట, రమ్మంటేనే బయటికి వస్తుందట. "పెట్టెల ఏసి మూస్తె కాదు వదినా. గా పెట్టెనే దాని ఇల్లని దానికే అనిపియ్యాలె" అని అమ్మకు చెప్పాడు. "నా ఇల్లని నాకే ఇంక అనిపిస్తలేదు" అంది అమ్మ, పొయ్యి ఊదుతూ.

సడకు మీది హోటలు నుంచి చాయ్‌పత్త వచ్చే చెక్కపెట్టె ఒకటి తెచ్చాడు చిన్నాయన. దానికి తలుపుగా పాత పన్నె బిగించాడు. పన్నె అంటే మగ్గం మీద పోగులను వరుసగా పట్టి ఉంచే పుల్లల చట్రం, పెద్ద దువ్వెనలా ఉంటుంది. లోపల చిరిగిన గొంగడి ముక్క పరిచాడు. రొట్టె ముక్క వేసి పిలవమని నాకు ఉపాయం చెప్పి, మరునాడే బస్సెక్కి పోయాడు (ఉపాయం చెప్పేవాళ్లు ఫలితం దాకా ఉండరని నాకు అప్పుడే తెలిసింది).

రొట్టె వేస్తే కండె లోపలికి పోయేది, అందులో తప్పు పట్టడానికి లేదు. తినగానే బయటికి వచ్చేది. పన్నె మూస్తే మాత్రం మెడ ఎత్తి, కళ్లు మూసుకుని రాగం అందుకునేది. వెనక వీధి ముసలమ్మ ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చి, ఎవరు పోయారని మెల్లగా అడిగింది. నేను రొట్టెలు వేస్తూ పోయాను, అది ఏడుస్తూ పోయింది. దాని పొట్ట పెరిగింది గానీ బుద్ధి పెరగలేదు.

పెట్టెకు వేరే జాగా లేక ఒకరోజు అమ్మ దాన్ని మగ్గం పక్కకు జరిపింది. బాపు గుంటలోకి దిగి నేత మొదలుపెట్టాడు. టక్కు, టక్కు, సర్రు. రాగం ఆగింది. వంగి చూస్తే కండె ముక్కు తోకలో దూర్చుకుని నిద్రపోతోంది. చిన్నాయన విద్య ఫలించిందని నేను వాడంతా చెప్పి వచ్చాను. తిరిగొచ్చేసరికి తెగిన పోగు అతకడానికి బాపు మగ్గం ఆపాడు. లోపల కండె లేచింది. మెడ ఎత్తింది.

అప్పటి నుంచి మా ఇంట్లో బాపుతో పని చేయించింది కండె. బీడీ ముట్టించుకుందామని నాడె పక్కన పెడితే ఏడుపు, నీళ్లు తాగితే ఏడుపు. తినేటప్పుడు అమ్మను మగ్గం మీద కూర్చోబెట్టి తినేవాడు. "నూలిచ్చే సేటు సుత ఇంత సతాయించలే నన్ను" అనుకుంటూ నేస్తూనే ఉన్నాడు. బట్ట తొందరగా మగ్గం దిగుతోందని పక్కింటివాళ్లు మెచ్చుకున్నారు. నేను మాత్రం అమావాస్యకు రోజులు లెక్కపెట్టుకున్నాను. అమావాస్యనాడు మగ్గం ఆగుతుంది కదా. ఆ ఒక్కరోజు కొంచెం నేస్తే ఏమవుతుందని అవ్వను అడిగాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసి, చెవులు కడుక్కుంటానని లేచి వెళ్లిపోయింది. రాట్నమైనా తిప్పుతానని అడుగుదామనుకున్నాను గానీ, అదీ నేత సామానే.

అమావాస్య వచ్చింది. మగ్గం బొట్టు పెట్టుకుని ఊరుకుంది, కండె ఊరుకోలేదు. గొర్ల మామ భుజాన గొంగడితో వచ్చి అరుగు మీద కూర్చుని, కాసేపు ఆ రాగం విన్నాడు. "తోడేలు సుత గింత సక్కగ ఏడ్వది బావా" అన్నాడు. బాపు చెప్పిన మాట ప్రకారం అమ్మ పెట్టె తెచ్చి ముందర పెట్టింది. గొర్ల మామ పన్నె తీసి, ఏడుస్తున్నదాన్ని ఏడుస్తున్నట్టే గొంగడి మడతలోకి తీసుకున్నాడు. నేను స్తంభం పట్టుకుని నిలబడ్డాను, అంతే.

"జర ఆగు" అన్నాడు బాపు.

మగ్గం వైపు చూశాడు. అవ్వ వైపు చూశాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు, పొరపాటున కూడా దేనికీ తగలకుండా. తర్వాత నాలుక అంగిలికి కొట్టి, "టక్కు. టక్కు. సర్రు" అన్నాడు. నవ్వు లేదు, సిగ్గు లేదు. నేసేటప్పుడు ఉండే ముఖమే. గొంగడిలో ఏడుపు సన్నబడి ఆగింది. కండె కిందికి జారి, పొట్ట ఈడ్చుకుంటూ పెట్టెలోకి పోయి, గుండ్రంగా తిరిగి పడుకుంది. రొట్టె ముక్క లేకుండా అది తనంతట తాను లోపలికి పోవడం అదే మొదటిసారి.

గొర్ల మామ కట్టె మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు. "ఏంది బావా, అమాసనాడు నేస్తున్నవా?"

"అమాస మగ్గానికి. నోటికి కాదు గద" అన్నాడు బాపు, మళ్లీ టక్కు అనేలోపు.

అందరం అవ్వ వైపు చూశాం. మా ఇంట్లో ఏది తప్పో ఏది కాదో ఆమే చెప్పాలి. అవ్వ బాపు వెనక్కి పోయి వంగి చూసింది. "చేతులైతే కట్టుకునే ఉన్నడు" అంది చివరికి. గొర్ల మామ ఖాళీ గొంగడి దులుపుకుని పోయాడు.

తర్వాత ప్రతి అమావాస్యకూ నోటి మగ్గం వంతులవారీగా ఆడించాం. నాది మంచి నాలుక అని పేరొచ్చింది. కుక్క మాట వినడం నేర్చుకుందా అని చిన్నాయన మళ్లీ వచ్చినప్పుడు అడిగితే, "మేం నేర్సుకున్నం" అన్నాడు బాపు. కండె పెద్దదై పెట్టెలో పట్టకపోయినా, తల మాత్రం లోపల పెట్టి, మిగతా కుక్కంతా బయట ఉంచి పడుకునేది.

ఇప్పుడు మా మనుమడు ఇనుప బోనులో ఒక కుక్కపిల్లను తెచ్చాడు. నిన్న మధ్యాహ్నం అది ఒకటే ఏడుపు. ఫోన్‌లో చూసి ఏవేవో చేశారు. నేను లేచి, కుర్చీ దాని పక్కకు లాక్కుని, పళ్లు లేని నోటితో టక్కు, టక్కు, సర్రు మొదలుపెట్టాను. ఆ పిల్లకు మగ్గమేం తెలుసు, నన్ను వింతగా చూసి ఇంకా గట్టిగా ఏడ్చిందట. ఏడ్చిందట అనే చెప్పాలి, నేను వినలేదు. నాలుగు టక్కులకే కుర్చీలో నిద్రపోయాను.